తలుపు తీయని కథ

జిలానీకి ఆ వారమంతా కంటి మీద కునుకు లేదు.

దర్గా పక్కనున్న చిన్న పుస్తకాల గది అతని చేతి మీదే నడుస్తుంది. బడి వదలగానే హైస్కూలు పిల్లలు అక్కడికి పరుగెత్తుకొస్తారు. ఊరికే రారు. లోకం సర్వనాశనమయ్యాక మిగిలిన నలుగురూ ఎలా బతికి బట్టకట్టారో చెప్పే నవలలను అతను ఏరి కోరి తెప్పిస్తాడు, ఎవరికి ఏది పడుతుందో చూసి మరీ ఇస్తాడు. పుస్తకమంటే ఆమడ దూరం పారిపోయే పిల్లలు కూడా వాటి కోసం కొట్టుకునేవాళ్ళు. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు జిలానీకి ఛాతీ కాస్త ఉబ్బేది కూడాను.

అంతలో ఆ పిల్లల్లో ఒకతైన షమీమ్ తల్లి వచ్చి నిలదీసింది.

"ఏం పుస్తకాలు భాయ్ అవి? ఎదిగీ ఎదగని పిల్ల. అన్నం ముందు కూర్చొని, అందరూ పోతే మనింట్లో ఎవరు మిగుల్తాం అమ్మీ అని అడగతాంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఇంకొక పుస్తకం ఇస్తివంటే, పిల్లని ఈ గడప తొక్కనియ్యను."

షమీమ్‌లా చదివే పిల్ల ఆ ఊళ్ళో లేదు. ఆ పిల్ల రాకపోతే గది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అనిపించింది జిలానీకి. పైగా తల్లి అన్నదే నిజమేమో, పిల్లల మనసుల్లో తనే విషం పోస్తున్నాడేమో. ఆ దిగులే అతన్ని తినేస్తోంది.

గురువు హజ్రత్ దగ్గరికెళ్ళి గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆయన చిరిగిన చాప కుట్టుకుంటున్నారు.

"ఆ పుస్తకాలు ఇయ్యమంటారా, మానమంటారా హజ్రత్?"

"రేపు పిల్లలకి ఏది చదివి వినిపిస్తావు?"

జిలానీ కథ చెప్పాడు. విషగాలి వీచి ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోతాయి. కొందరు ఒక గదిలో దాక్కుంటారు. బయట నుంచి ఎవరో తలుపు తట్టి, 'లోపల ఎవరైనా మిగిలారా?' అని అడుగుతారు.

"అప్పుడు?"

"తీయరు. తీయలేదు కాబట్టే బతుకుతారు."

హజ్రత్ "ఊఁ" అని దారం కొరికారు. అంతే. ఇంత బాధ చెప్పుకుంటే ఊఁ అంటారా అని జిలానీకి ఒళ్ళు మండింది.

మర్నాడు మధ్యాహ్నం ఎర్ర దుమ్ము లేచింది. పట్టపగలే కిటికీలు మసకబారాయి. కరెంటు పోయింది. పిల్లలు ఒకరికొకరు ఒదిగి కూర్చున్నారు. ఆ గదికి పగటిపూట గడియ పెట్టే ఆనవాయితీ లేదు. ఎండనపడి దర్గాకొచ్చినవాళ్ళెవరైనా తలుపు నెట్టుకొచ్చి, మూలనున్న కుండలో నీళ్ళు తాగి వెళ్ళొచ్చు. ఆవేళ మాత్రం కథ రక్తి కట్టాలని జిలానీ గడియ పెట్టాడు.

గొంతు తగ్గించి చదువుతున్నాడు. 'ఎవరో తలుపు తట్టారు' అన్న వాక్యం దగ్గరికొచ్చాడు.

తలుపు చప్పుడైంది.

పిల్లలెవరూ నవ్వలేదు. మళ్ళీ చప్పుడు, వేలి కణుపుతో మెల్లగా కొట్టినట్టు. ఆ తర్వాత ఒక గొంతు. ఆడో మగో, ముసలో పడుచో తెలియని ఎండిన గొంతు.

"లోపల ఎవరైనా మిగిలారా?"

పుస్తకంలో మాట, అక్షరం పొల్లుపోకుండా. జిలానీ లేవాలనుకున్నాడు, లేవలేకపోయాడు. తన వేలు తన పెదవుల మీదికి వెళ్ళి పిల్లలని ఊరుకోమంటోందని కూడా అతనికి తెలియలేదు. తలుపు కింది సందులో నీడ ఇటునుంచి అటు కదిలింది.

షమీమ్ లేచింది. భయపడుతూనే లేచింది. కుండలో గ్లాసు ముంచుకుని వెళ్ళి, రెండో చేత్తో గడియ పట్టుకుంది.

"తీయొద్దు!" జిలానీ అరిచాడు.

తీసింది.

గుమ్మంలో కనురెప్పల దాకా దుమ్ము కొట్టుకుపోయిన మనిషి. ముఖం పోల్చడానికి వీల్లేదు. షమీమ్ చెయ్యి చాచి గ్లాసు అందించింది. ఆ మనిషి గటగటా తాగి మూతి తుడుచుకున్నాక తెల్లటి గడ్డం బయటపడింది. హజ్రత్.

"ఎందుకు తీస్తివమ్మా? కథలో తీయకూడదంట కదా?"

"ఆ పుస్తకం ముందే చదివినా తాతా," అంది షమీమ్. "వాళ్ళు తీయలేదని రాత్రంతా ఏడిస్తి."

హజ్రత్ ఖాళీ గ్లాసు తెచ్చి జిలానీ చేతిలో పెట్టారు.

"ఈ బిడ్డకి ఇంకో పుస్తకం ఇయ్యి. వాళ్ళమ్మకి నేను చెప్తాలే. నీకు మాత్రం ఇట్లాంటివి అప్పుడే వద్దు."