దుప్పటి అవతలి కొసలు

ఏది ముందు, ఏది తర్వాత అన్నది నేను కొంచెం తారుమారు చేయవచ్చు. మాబున్ని ఉత్తరాలు ఆగిపోవడం ముందో, రెడ్డెమ్మ ఇంగ్లీషు నేర్చుకోవడానికి రావడం ముందో ఇప్పుడు గట్టిగా చెప్పలేను. ఒకటి మాత్రం బాగా గుర్తుంది. ఆ ఎండాకాలం ఇమామ్ వలికి పాఠం చెప్పడం చేతకాకుండా పోయింది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఇమామ్ వలి బి.ఏ. చదివి బి.ఇడి. కూడా చేశాడు. పగలు హైస్కూలులో ఇంగ్లీషు చెప్పేవాడు. సాయంత్రాలు ఊరి చివర దర్గా వసారాలో పెద్దవాళ్లకు చెప్పేవాడు. మా కడప జిల్లాలో కువైట్‌కు పోయేవాళ్లు ఎక్కువ. ఆసుపత్రులు ఊడ్చడానికి, అక్కడి బట్టలు ఉతకడానికి మనుషుల్ని తీసుకునే కంపెనీవాళ్లు మద్రాసుకు వచ్చి, ఒక్కొక్కరినీ పిలిచి, ఇంగ్లీషులో నాలుగు మాటలు అడిగేవారు. జవాబు చెప్పినవాళ్లకు వీసా. చెప్పలేనివాళ్లు మళ్లీ బస్సెక్కి ఇంటికి.

ఆ వసారాలో పాఠం మొదలుపెట్టింది ఇమామ్ వలి కాదు, కుళ్ళాయప్ప తాత. దర్గా చూసుకునే మనిషి. వయసులో ఉన్నప్పుడు ఇరవై ఏళ్లు సరుకు ఓడల మీద వంటవాడిగా తిరిగాడు. బడి గడప తొక్కలేదు. ఇంగ్లీషు అక్షరాలు కూడా పిండి మూటల మీద, నూనె డబ్బాల మీద చూసి నేర్చుకున్నాడు. ఆయన దగ్గర కూర్చున్న తాపీ మేస్త్రీలు, దర్జీలు, కూలి జనం ఆరు నెలలు తిరిగేసరికి ఇంగ్లీషులో జగడాలు కూడా పడేవారు.

అది చూసే ఇమామ్ వలి ఆయనకు శిష్యుడయ్యాడు.

"నీ పద్ధతి నాకు చెప్పు తాతా" అని అడిగాడు మొదటిరోజే.

"నాకేం పద్ధతి తెల్సు నాయనా. పొయ్యి ఉండె. ఆకలిగొన్న మనుషులు ఉండిరి. వాళ్లకు ఉప్పు కావాలంటే నన్ను అడగాల, నాకు కట్టెలు కావాలంటే వాళ్లనడగాల" అన్నాడు తాత.

ఇమామ్ వలికి అది జవాబులాగా అనిపించలేదు. అయినా రెండేళ్లు ఆయన పక్కన కూర్చున్నాడు. తాతకు మోకాళ్లు పట్టేసిన తర్వాత క్లాసు అతని చేతికొచ్చింది.

ఇమామ్ వలి క్లాసు చూడ్డానికి ముచ్చటగా ఉండేది. గోడ నిండా బొమ్మల పటాలు. నల్లబల్ల మీద రంగు సుద్దలతో గళ్లు. మద్రాసులో అడిగే ప్రశ్నలు ముప్పై, వాటికి జవాబులు ముప్పై కాగితం మీద రాసి అందరిచేతా వల్లె వేయించాడు. ఎవరి నోట తప్పు దొర్లినా అక్కడికక్కడే దిద్దేవాడు. ఎవరైనా మాటకోసం తడుముకుంటే వెంటనే అందించేవాడు.

ఆ వేసవిలో తొమ్మిదిమందిని మద్రాసుకు పంపాడు. తొమ్మిదిమందీ తిరిగొచ్చారు.

వాళ్లలో దర్జీ బుడ్డన్నను "ఎట్లా వచ్చినావు, బస్సులోనా రైల్లోనా?" అని ఇంగ్లీషులో అడిగారట. ఇమామ్ వలి కాగితంలో మొదటి ప్రశ్న "ఎట్లా ఉన్నావు" అని. బుడ్డన్న చేతులు కట్టుకొని "అయామ్ ఫైన్, థాంక్యూ సార్" అన్నాడట. ఊరంతా నవ్వింది. బుడ్డన్న కూడా వాళ్లతోపాటు నవ్వాడు. మళ్లీ క్లాసుకు మాత్రం రాలేదు.

క్లాసులో రెడ్డెమ్మ అయితే అసలు నోరే తెరవలేదు. నలభై దాటిన మనిషి. మామిడి తోటల్లో కూలికి పోయేది. తెలుగులో ఆమె నోటికి తోట కాపలావాళ్లు కూడా జడిసేవారు. ఇంగ్లీషు అనేసరికి మూతి బిగించుకొని కూర్చునేది.

ఒకరోజు ఇమామ్ వలి పెన్ను పైకెత్తి చూపించి, "వాట్ ఈజ్ దిస్?" అన్నాడు.

రెడ్డెమ్మ పెన్ను వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "అది పెన్నని నీకూ తెల్సు, నాకూ తెల్సు. ఇంగ నన్ను అడిగేదెందుకు సారూ?"

వసారా గొల్లుమంది.

"ఇంగ్లీషులో చెప్పమ్మా."

"చెప్తే ఏమిస్తావు? పెన్ను ఇస్తావా?"

మళ్లీ నవ్వులు. ఇమామ్ వలి చెవులు ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక తాత దగ్గరికి వచ్చి కూలబడ్డాడు.

"ఆమె తలకెక్కదు తాతా. మూడు నెలలయింది. నేను చెప్పాల్సిందంతా చెప్పినా. ఇంకా ఏం చెప్పాలో నాకు తోచడం లేదు."

తాత చేటలో బియ్యం ఏరుతున్నాడు. తలెత్తకుండానే, "నువ్వు నిద్రపోయి ఎన్నాళ్లయింది నాయనా?" అన్నాడు.

ఇమామ్ వలి నల్లబల్ల మీది గళ్లు తుడవడానికి లేచాడు.

మాబున్ని అతని భార్య. రెండేళ్ల కిందట కువైట్‌లో ఒక ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పనికి వెళ్లింది. అప్పటికి ఇతనికి ఉద్యోగం స్థిరంగా లేదు. వచ్చిన వీసా ఆమెకు వచ్చింది. పోయినప్పటి నుంచి నెలకొక నీలం కాగితం రాసేది. పైన అడ్రసు నుంచి అడుగున ముద్దుపేరు దాకా ఒక్క వేలెడు చోటు కూడా వదిలేది కాదు. సంక్రాంతి దాటినాక ఆ కాగితాలు ఆగిపోయాయి. ఇతను రాసినవాటికి జవాబు లేదు. కంపెనీకి రాస్తే అక్కడి నుంచీ లేదు.

బడికి సెలవులు. పొద్దున లేచింది మొదలు పోస్టాఫీసు మెట్ల మీదే ఉండేవాడు. పోస్టుమాన్ రంగన్న సంచి విప్పకముందే తల అడ్డంగా ఊపేవాడు. ఒకసారి రంగన్నే, "సారూ, నువ్వు రాకు. వస్తే నేనే పరిగెత్తుకొని తెచ్చిస్తా. నిన్ను చూస్తాంటే నాకు సంచి విప్పబుద్ధి కాదు" అన్నాడు. అయినా మరుసటి రోజు పోయి కూర్చున్నాడు. సాయంత్రం క్లాసులో నోరు పాఠం చెప్పేది. చెవి రోడ్డు మీద ఉండేది. చచ్చిపోయిందేమోనని ఒకసారి, మరిచిపోయిందేమోనని ఒకసారి అనుకునేవాడు. రెండిట్లో ఏది మేలో కూడా ఆలోచించేవాడినని తర్వాత రోజుల్లో మా ఇంట్లో కూర్చొని తానే చెప్పాడు.

అట్లా ఒక గురువారం వచ్చింది. గురువారాలు దర్గాకు వచ్చినవాళ్లకు అన్నం పెడతారు. ఇమామ్ వలి సైకిలు దిగేసరికి పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. తాత, రెడ్డెమ్మ ఎదురెదురుగా కూర్చొని ఉన్నారు. క్లాసులో మిగిలిన నలుగురూ గోడవార ఉన్నారు. రెడ్డెమ్మ అతన్ని చూసి గబుక్కున తల దించుకుంది.

"కువైట్ నుంచి ఉత్తరం వచ్చింది" అన్నాడు తాత.

సైకిలు చేతిలోంచి జారి కింద పడింది.

"భయం లేదు. మనిషి బాగుంది. నీకు రాయలేదు, నాకొచ్చింది. ఓడ మీద నాతో పనిచేసిన ఆంటోనీ అని గోవా ఆయన, అక్కడి రేవులోనే ఉండాడు. పోయి చూసి రాప్పా అని నెల కిందట నాలుగు ముక్కలు రాసినా. పోయి చూసినాడు."

"ఇయ్యి తాతా."

"ఇయ్యను."

ఇమామ్ వలికి అర్థం కాలేదు. చాపిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"మధ్యాహ్నం నుంచి దీన్ని రెడ్డెమ్మకు చెప్పినా. ఇంగ్లీషులోనే చెప్పినా, ఒక్క తెలుగు ముక్క కలపలేదు. ఆమెనడుగు. ఆమెకు తెల్సు. నీకు తెల్దు."

"ఇది పాఠాల సమయమా తాతా?" అన్నాడు ఇమామ్ వలి.

తాత చేట ముందుకు లాక్కున్నాడు.

ఇమామ్ వలి రెడ్డెమ్మ ముందుకొచ్చి గొంతుక్కూర్చున్నాడు. "చెప్పక్కా." ఆమెను అక్కా అని పిలవడం అదే మొదలు.

రెడ్డెమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "తెలుగులో చెప్పనని దర్గా గడప మీద చెయ్యేసి చెప్పినా సారూ. నీకు దండం పెడతా. ఇంగ్లీషులోనే అడుగు."

అతను అడిగాడు. "వేర్ ఈజ్ మాబున్ని?"

"హాస్పిటల్."

అతని ముఖం పాలిపోయింది. రెడ్డెమ్మ కంగారుగా రెండు చేతులూ ఊపింది. "నో, నో! నో సిక్. వర్క్. హాస్పిటల్ వర్క్. క్లాత్ వాషింగ్."

"వై... వై నో లెటర్?"

"హ్యాండ్." కుడి అరచెయ్యి చూపించింది. తర్వాతి మాట ఆమె దగ్గర లేదు. పెదాలు తడుపుకుంది. ఇంకో రోజయితే ఈపాటికి ఇమామ్ వలి ఆ మాట అందించేవాడు. ఇప్పుడు అందించడానికి అతని దగ్గరా లేదు. ఆమె నోటివంకే చూస్తూ ఉండిపోయాడు.

రెడ్డెమ్మ చివాలున లేచి పొయ్యి దగ్గరికి పోయింది. మూత ఎత్తింది. ఆవిరి బుస్సున లేచింది. అందులో అరచెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి లాక్కుంది. "దిస్! బిగ్ మిషన్, దిస్ కమింగ్. బర్న్. ఫైవ్ మంత్. నౌ గుడ్. ఈటింగ్ గుడ్, వర్క్ గుడ్." రెండు వేళ్లు మడిచి చూపించింది. "దిస్ ఫింగర్, దిస్ ఫింగర్... పెన్, నో."

"రూమ్‌లో... ఇన్ ద రూమ్, నో ఫ్రెండ్? టు రైట్?"

"ఫ్రెండ్ ఉండె... ఫ్రెండ్, యెస్. తెలుగు, నో."

ఇమామ్ వలి నేల మీద చతికిలబడ్డాడు. అయిదు నెలలు తాను అనుకున్నవన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. కాసేపటికి తలెత్తాడు. చాలా మెల్లగా అడిగాడు. "డిడ్ షీ సే ఎనీథింగ్? టు మీ?"

"యెస్" అంది రెడ్డెమ్మ. అని, ఆగిపోయింది. రెండుసార్లు నోరు తెరిచి మూసింది. గోడవార కూర్చున్నవాళ్లు కూడా ముందుకు వంగారు. ఎవరూ నవ్వలేదు.

అన్నాలకు పరిచే పొడుగాటి తెల్ల దుప్పటి అరుగు మీద ఉంది. రెడ్డెమ్మ దాన్ని తీసి దులిపింది. ఇమామ్ వలిని లేపి రెండు కొసలు అతని చేతుల్లో పెట్టింది. మిగతా రెండు కొసలు పట్టుకొని వెనక్కి వెనక్కి నడిచి దుప్పటిని బిగించి నిలబడింది.

"మాబున్ని. ఎవ్రీ డే. బెడ్‌షీట్. వన్ హండ్రెడ్, టూ హండ్రెడ్." గడ్డంతో తన చేతుల్ని చూపించింది. "దిస్ సైడ్, మాబున్ని." గడ్డం అతని వైపు తిప్పింది. "దట్ సైడ్, మిషన్. మ్యాన్ నో. ఐరన్ మిషన్."

"యెస్" అన్నాడతను.

"షీ లుక్. ఎవ్రీ డే లుక్. మిషన్, నో." ఊపిరి పీల్చుకుంది. "యూ."

అతను దుప్పటి కొసల్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"అండ్..." రెడ్డెమ్మ నుదురు చిట్లించింది. "అండ్, ఐ నో అండర్‌స్టాండ్. ఆంటోనీ ఆల్సో నో అండర్‌స్టాండ్. షీ సే, టెల్ హిమ్. షీ పుల్. మిషన్ నో ఫాల్."

చెప్పింది చాలదనుకుందేమో, దుప్పటిని ఒక్క గుంజు గుంజింది. ఇమామ్ వలి రెండడుగులు ముందుకు తూలి, పడబోయి నిలదొక్కుకున్నాడు.

ఇంట్లో శుక్రవారం శుక్రవారం దుప్పట్లు ఉతికి, ఎండినవి ఇద్దరూ కలిసి మడతపెట్టేవారు. బిగించి పట్టుకోమని చెప్పి, మాబున్ని ఉన్నట్టుండి గుంజేది. ఎన్నిసార్లు గుంజినా అన్నిసార్లూ తూలిపడేవాడు. ఆమె పొట్ట పట్టుకొని నవ్వేది. ఈ సంగతి వాళ్లిద్దరికి తప్ప భూమ్మీద ఎవరికీ తెలియదు.

ఇమామ్ వలి దుప్పటి కొసలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. రెడ్డెమ్మ బిత్తరపోయి తాత వైపు చూసింది. తాత చేత్తో ఉండమన్నట్టు సైగ చేశాడు.

ఎంతసేపటికో దుప్పటి చాటు నుంచే మాట వచ్చింది. "వెన్? కమింగ్... వెన్?"

రెడ్డెమ్మ వేళ్లు లెక్కపెట్టబోయి మానేసింది. ఆమెకు నెలల పేర్లు రావు. వీధి అవతలి మామిడి తోట వైపు చెయ్యి చూపింది. "మ్యాంగో ఫ్లవర్. దట్ టైమ్."

పూత టైముకు. అంటే ఇంకా ఏడు నెలలు.

కుళ్ళాయప్ప తాత మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు. జేబులోంచి ఉత్తరం తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు. "చదువుకో నాయనా. ఆంటోనీ మంచి ఇంగ్లీషు రాస్తాడు. పేజీ నిండా రాసినాడు."

ఇమామ్ వలి మడత విప్పాడు. గుండ్రటి అక్షరాలు, నేరుగా సాగిన వరుసలు. మొదటి వరుస మీద కళ్లు ఆనించాడు. తర్వాత మడత ఎలా ఉందో అలాగే పెట్టి, తాతకు తిరిగి ఇచ్చేశాడు.

కింద పడిన దుప్పటి కొసలు రెండూ వెతికి పట్టుకున్నాడు. వెనక్కి నడిచి, బిగించి నిలబడ్డాడు.

"అక్కా" అన్నాడు. "వన్స్ మోర్."

షంషాద్, నేను చెప్పింది రాసుకున్నావు కదా, ఆ రోజు గోడవార కూర్చున్న మీ నాయనను అడిగి పేర్లు ఒకసారి సరిచూడమ్మా. గోవా ఆయన పేరు ఆంటోనీనా, ఆల్బర్టా అన్నది నాకు గట్టిగా గుర్తులేదు. దర్జీ పేరు కూడా నాకు అనుమానమే. మాబున్ని పేరు మాత్రం దిద్దవద్దు. అది ఇమామ్ వలి సారు నోట విన్నది.