పేరిందేవమ్మ గుండిగ ఎక్కిన పొయ్యి

అనగనగా ఒక ఊరు. ఈ కథ మొదలుపెట్టేసరికే అది కాస్తా పట్నమైపోయింది. నవ్వకండర్రా, దాని తొందర అలాంటిది. పొద్దున మేతకు వెళ్ళిన గేదె సాయంత్రం తిరిగి వచ్చేసరికి, దాని కొట్టం ఉన్నచోట రెండంతస్తుల మేడ లేచి ఉండేది. పాపం, అది మెట్ల దగ్గర నిలబడి ఇంటివాళ్ళను పిలిచేది. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

పొలం పోయి స్థలం వచ్చింది. స్థలం పోయి మేడ వచ్చింది. మేడ కట్టడానికి కూలీలు వచ్చారు. కూలీలకు పాకలు వచ్చాయి. పాకల్లోకి ఆకలి వచ్చింది. ఆకలిని చూసి ధర్మసంస్థ వచ్చింది. సంస్థకు బోర్డు వచ్చింది, బోర్డుకు దండ వచ్చింది, దండకు సభ వచ్చింది, సభకు శాలువా వచ్చింది. ఆకలి మాత్రం ఆ పాకలోనే కూర్చుని, వీళ్ళు ఎప్పటికైనా ఇటు వస్తారా అని ఎదురుచూస్తూ ఉండేది.

ఆ పట్నానికి రాజు బహుకీర్తి మహారాజు. మంచివాడే. దానం చేసినవాళ్ళను పిలిచి బిరుదులిచ్చేవాడు. ఆ దానం ఎవరి నోటికి చేరిందని అడగడం మాత్రం ఆయనకు అలవాటు లేదు. అందుచేత వీధికొక సంస్థ పుట్టింది. అన్నిటికంటే పెద్దది రాజుగారి బావమరిది మకరందుడు నడిపేది. దాని పేరు సమస్త దీనజన సముద్ధరణ మహామండలి. ఆ పేరు చివరిదాకా చదివేలోగా, ఆకలితో వచ్చినవాడు గుమ్మంలోనే సొమ్మసిల్లేవాడు.

ఆ పట్నంలోనే తాయారమ్మ అని ఒక కోడలు ఉండేది. ఆమె అత్తగారు పేరిందేవమ్మ. ఆ అత్తగారు కోడలి వంటకు వంక పెట్టని పూట లేదు. పప్పులో ఉప్పు ఎక్కువంటుంది, చారులో పులుపు తక్కువంటుంది, అన్నం మరికాస్త ఉడకాలంటుంది. తాయారమ్మ కూడా వడ్డించిన వెంటనే, ఉప్పు సరిపోయిందా అత్తయ్యా, అని తనే అడిగేది. ఆ జవాబు వినకపోతే ఆమెకు వంట పూర్తయినట్టు ఉండేది కాదు.

అలాంటి పేరిందేవమ్మ జబ్బుపడింది. పోయేముందు కోడలిని దగ్గరకు పిలిచి, వంటింట్లో ఉన్న పెద్ద రాగి గుండిగను చూపించింది. "తాయారూ, అది ఇద్దరికి వండుకునే గిన్నె కాదు. నా సంవత్సరీకం లోపల, ఆకలిగా ఉన్నవాళ్ళ పొయ్యి మీద పెట్టు. చూసి పెట్టు" అన్నది. ఇంకేదో చెప్పబోయింది. అంతలోనే మాట ఆగిపోయింది.

ఆ తరువాత ఆ ఇంట్లో వంటకు వంక పెట్టేవాళ్ళు లేకపోయారు. భర్త గవరయ్య పెట్టింది తిని చెయ్యి కడుక్కునే మనిషి. తాయారమ్మ రోజూ వడ్డించి, అడగబోయి, అడగకుండానే లోపలికి వెళ్ళిపోయేది. గుండిగను మాత్రం చింతపండు పెట్టి తోమి, కళాయి వేయించి, తుడిచి బోర్లించేది. అదొక్కటే మిగిలింది. తప్పుచోట పెడితే అత్తగారి ఆఖరి మాట వ్యర్థమైపోతుంది.

సంవత్సరీకం దగ్గరపడింది. తాయారమ్మ సంస్థలు చూడటానికి బయలుదేరింది.

ముందు ఒక వృద్ధాశ్రమానికి వెళ్ళింది. గోడలకు పటాలున్నాయి, వరండాలో కుర్చీలున్నాయి, వృద్ధులు లేరు. అడిగితే తీర్థయాత్రకు వెళ్ళారన్నారు. అందరూనా అంటే అందరూనన్నారు. ఎప్పుడు వస్తారంటే, తమరి దానం అందగానే అన్నారు.

అక్కడినుంచి మహామండలికి వెళ్ళింది. అక్కడ భోజనశాల నిండా ఫ్యాన్లు, ఫ్యాను రెక్క రెక్కకూ దాత పేరు. రాజుల కాలంలో ఫ్యాన్లెక్కడివి అమ్మమ్మా అంటారేం? నా కథలో ఉన్నాయి, ఊ కొట్టండి. తిరిగితే పేర్లు కనబడవని ఆ ఫ్యాన్లను తిప్పేవారు కాదు. కింద పంక్తిలో కూర్చున్నవాళ్ళు చెమటలు కక్కుతూ, ఒక్క గొంతుతో, "కడుపు నిండింది, దాతలు వర్ధిల్లాలి" అంటున్నారు. ఆకుల్లో మాత్రం మెతుకు లేదు. ఇప్పుడే తిని లేవబోతున్నారని మకరందుడు చెప్పాడు. తిన్న ఆకు తడిగా ఉండాలి కదా అని తాయారమ్మకు తోచింది గాని, పెద్దమనిషి మాట, పైకి అనలేదు.

విసిగిపోయి ఇంటికి వస్తుంటే, కూలీల పాకల వెనక సందులో పొగ కనిపించింది. పొగతోపాటు గొడవ వినిపించింది. వెళ్ళి చూస్తే బోర్డు లేదు, దండ లేదు. మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద అడుగు మాడిన డేగిసా. నూకాలు అనే ఆవిడ గరిటె పట్టుకుని, వరుసలో కూర్చోమని అందరినీ కసురుతున్నది. నలుగురు ఇరుగుపొరుగులు తెచ్చిన బియ్యం వండి ఆవిడ రోజూ పెడుతుందట. తాయారమ్మకు ఏమి అడగాలో తెలియలేదు. అలవాటైన మాట నోట్లోంచి జారింది.

"ఉప్పు సరిపోయిందా?"

అడిగిందే తడవు, పంక్తి పంక్తంతా లేచింది.

"ఎక్కడ సరిపోయింది తల్లీ? నిన్న సముద్రం, ఇవాళ చప్పిడి!"

"మొన్నటి సాంబారులో ముక్క కోసం గాలించాను, దొరకలేదు."

"ఆవిడకు చెప్పి చెప్పి మా నోళ్ళు పోయాయి. మీరైనా చెప్పండి."

"రోజూ వంకలేనా? రేపటినుంచి మీరే వండుకోండి!" అన్నది నూకాలు, మారు వడ్డిస్తూనే.

చివరన కూర్చున్న ముసలావిడ ఒకతె చారు జుర్రి, పెదవి విరిచి, "పులుపు చాలలేదు, ఇంకొక్క పొంగు రావాలి" అన్నది. "అలాగే అత్తయ్యా" అన్నది తాయారమ్మ. అన్న తరువాత గాని తెలియలేదు, తానేమన్నదో. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడవైపు తిరిగింది.

పొయ్యి దొరికిందన్న నెమ్మదితో ఇల్లు చేరింది. చేరేసరికి గవరయ్య కొత్త పంచె కట్టుకుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు.

"తాయారూ, శుభవార్త! గుండిగను మహామండలికి ఇస్తానని మాటిచ్చేశాను. రేపు సభ. రాజుగారి చేతుల మీదుగా నాకు దానధురంధర అని బిరుదు!"

"అందులో వాళ్ళు అన్నం వండుతారా అండీ?"

"వండటమేమిటి? గాజు బీరువాలో పెడతారట. కింద నా పేరు!"

మాట ఇచ్చినది మగడు, పుచ్చుకున్నది రాజుగారి బావమరిది. తెల్లవారితే గుండిగ గాజు వెనక్కి పోతుంది.

మరునాడు మహామండలిలో సభ. వేదిక మీద రాజుగారు, పక్కన మకరందుడు, మధ్యలో గుండిగ, దాని మెడలో బంతిపూల దండ. పంక్తిలోవాళ్ళు రాజుగారిని చూడగానే "కడుపు నిండింది, దాతలు వర్ధిల్లాలి" అన్నారు. రాజుగారికి కళ్ళు చెమ్మగిల్లాయి. గవరయ్య శాలువా కోసం మెడ వంచాడు. అప్పుడు తాయారమ్మ లేచి నిలబడి, మహారాజా, ఇచ్చేముందు తిన్నవాళ్ళను ఒక్క మాట అడగనివ్వండి, అని వేడుకున్నది. రాజుగారు సరేనన్నారు. ఆమె పంక్తి మొదట్లో ఉన్న గడ్డపాయన దగ్గరకు వెళ్ళింది.

"తాతగారూ, ఉప్పు సరిపోయిందా?"

ఆయన మకరందుడి వంక చూశాడు. పక్కవాడి వంక చూశాడు. చివరికి చేతులు కట్టుకుని, "ఆ ప్రశ్న మాకు చెప్పలేదండీ. కడుపు నిండింది అనే వరకే మా పాఠం" అన్నాడు. వాళ్ళంతా పొరుగూరి నాటక సమాజం వాళ్ళు!

"మహారాజా," అన్నది తాయారమ్మ, "వండినవాళ్ళు అడిగేది ఈ ఒక్క మాట. తిన్నవాళ్ళకు దీనికి జవాబు ఎవరూ నేర్పనక్కరలేదు."

గవరయ్య వంచిన మెడ వంచినట్టే ఉంచి, శాలువాను తప్పించుకుని వచ్చి, గుండిగకు ఒక చెవి తాను పట్టుకున్నాడు. రెండో చెవి ఆమె పట్టుకున్నది. ఇద్దరూ దాన్ని సందులోకి మోసుకుపోయారు. రాజుగారు వెనకాలే వచ్చారు. నూకాలు ఆయన్ను ఎగాదిగా చూసి, "ఏమయ్యా కిరీటం, వెలుగుకు అడ్డం నిలబడ్డావు. తింటే కూర్చో, లేకపోతే వీళ్ళకు నీళ్ళు పొయ్యి" అన్నది. ఆయన కూర్చున్నారు. ఆ పూటే, సంవత్సరీకం లోపలే, పేరిందేవమ్మ గుండిగ ఆ పొయ్యెక్కింది. సందు సందంతా తిని, వంక పెట్టి, మారు అడిగి పెట్టించుకున్నది.

అయిపోయిందనుకుంటున్నారా? కళ్ళు మూయకండి, ఇంకొంచెం ఉంది. రాజుగారు కోటకు వెళ్ళి, వంకలు లేని సంస్థకు ఇకమీదట బిరుదులు లేవని చాటింపు వేయించారు. అంతే, మకరందుడు నాటక సమాజానికి కొత్త పాఠం రాయించాడు. వారం తిరగకుండానే మహామండలిలో మెతుకులేని ఆకుల ముందు కూర్చుని, "ఉప్పు ఎక్కువ, పులుపు తక్కువ, దాతలు వర్ధిల్లాలి" అని ఒక్క గొంతుతో పాడసాగారు.

రాజుగారు తల పట్టుకుని తాయారమ్మను పిలిపించారు. ఇప్పుడెలా తెలుస్తుందమ్మా అన్నారు. ఆమె ఆలోచించి, ఇక అడిగి లాభం లేదు మహారాజా, ఇచ్చేవాళ్ళు చెప్పకుండా వెళ్ళి ఆ పంక్తిలోనే కూర్చోవాలి, పెట్టింది తినాలి, అప్పుడు ఇవ్వాలి, అన్నది.

పట్నమంతా ఆ పద్ధతి పట్టుకున్నది. ఏ పూట ఏ దాత వచ్చి ఆకు ముందు కూర్చుంటాడో తెలియదు. మకరందుడికి నిద్ర పట్టలేదు. దాత కోసమని ఒక పూట కాస్త వండించాడు. ఏ పూట వస్తారో తెలియక రెండు పూటలా వండించాడు. దాతకు మాత్రమే వడ్డిస్తే బాగుండదని పంక్తికంతా వడ్డించాడు. వాసనకు పాకలవాళ్ళు వచ్చారు. వాళ్ళను గెంటితే దాత చూస్తాడేమోనని కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళు ఉక్కపోస్తుందని గోల చేస్తే ఫ్యాన్లు తిప్పాడు. దాతల పేర్లు ఒక్కటీ కనిపించలేదు. అలా ఆ మహానుభావుడు మోసం నడుపుకోవడానికే రోజూ వందలమందికి అన్నం పెట్టవలసి వచ్చింది. ఎప్పుడు మంచివాడయ్యాడో పాపం ఆయనకే తెలియదు.

కనుక నాయనలారా, ఎవరికైనా ఇవ్వండి, చేతులారా ఇవ్వండి, కాని బోర్డు చూసి కాదు, పంక్తిలో పక్కన కూర్చుని ఇవ్వండి.

కథ కంచి దారి పట్టింది. మీరిక దుప్పట్ల దారి పట్టండి.