ఎండని పడవ

తెడ్డూ తెడ్డూ, ఎటు పోతావు?
తేటమడుగుకు పోతాను.
పోతే పోదువు, ఏం తెస్తావు?
ఊఁ... ఊఁ... ఊఁ...

ఈ పాటలో ఆఖరి మాట పైడమ్మకు గుర్తులేదు. చిన్నప్పుడు నాయనమ్మ ఒళ్ళో విన్నది. నాయనమ్మ పోయింది, ఆ మాటా పోయింది. పైడమ్మ అక్కడ కూనిరాగం తీసి ఊరుకునేది.

అనగనగా అనుకునే రోజులకు కూడా ముందు సంగతి ఇది, పిల్లలూ. కొండల నడుమ తేటమడుగు ఉండేది. అడుగున గులకరాళ్ళు కనబడేంత తేట నీళ్ళు. ఏటేటా వానలు తగ్గాక రాజుగారు అక్కడ పడవల పందెం పెట్టేవారు.

ఆ రేవుకు ఒక కట్టుబాటు ఉంది. వేరే నీళ్ళు తాకి వచ్చిన పడవను ఇసుకలో బోర్లించి మూడెండలు కాయనివ్వాలి. అప్పుడే మడుగులో దింపాలి. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. పెద్దలు చెప్పారు, చేసేవారు, అంతే.

పైడమ్మ జాలరి పిల్ల. తెడ్డు పట్టిందంటే పడవ నీటిమీద ఎగిరేది. ఆ ఏడు పొరుగు రాజ్యపు ఏటిలో పందెం గెలిచి ఇల్లు చేరింది. తెల్లారితే తేటమడుగులో పందెం. పడవ చూస్తే ఇంకా తడి.

రేవు పెద్ద అప్పలకొండ చూసి బోర్లించమన్నాడు.

"ఈ ఒక్కసారికి వదిలెయ్యి మావా. పందెం పోతుంది."

"పందెం వచ్చే ఏడూ ఉంటుందే పిల్లా."

పైడమ్మ బుద్ధిగా తలూపింది. ఆయన అన్నానికి వెళ్ళగానే పడవను నీళ్ళలోకి తోసేసింది.

పడవ అడుగు నుంచి ఏదో జారింది. చిన్న మొక్క. ఉబ్బిన కాడలు, ఊదారంగు పువ్వు. అలాంటిది ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ముద్దుగా ఉంది కదా, పోనీలే అనుకుంది.

మర్నాడు అప్పలకొండ చూసేసరికే పందెం మొదలైపోయింది. పైడమ్మే గెలిచింది. రాజుగారు వెండి కడియం తొడిగారు.

ఒక మొక్క రెండైంది. రెండు నాలుగయ్యాయి. చూస్తూండగానే మడుగు కనబడకుండా పోతూ వచ్చింది.

మొదట చేపలు. ఒక ఉదయం రేవులో చేపలన్నీ నోళ్ళు పైకి తెరిచి గాలికోసం గుటకలు వేస్తున్నాయి. పైడమ్మ చూసింది, ఎవరికీ చెప్పలేదు.

తరువాత పక్షులు. నీటికోళ్ళు గూళ్ళలో గుడ్లు వదిలేసి లేచిపోయాయి. మడుగు మీద రెక్క చప్పుడు లేదు, అల చప్పుడు లేదు. పైడమ్మ అప్పుడూ నోరు విప్పలేదు.

ఊళ్ళోవాళ్ళు అది జలపిశాచి జుట్టన్నారు. ముట్టుకుంటే లోపలికి లాక్కుంటుందన్నారు. నీళ్ళకోసం కూడా రేవుకు రావడం మానేశారు. ఇకమీదట మడుగులో ఎవరూ ఆడరాదని రాజుగారు చాటించబోతున్నారని కూడా చెప్పుకున్నారు.

మూడో వంతు పైడమ్మ అయ్యది. పిశాచమైతే ఏం, వల వెయ్యకపోతే తిండెలా అని తెల్లవారే వెళ్ళాడు. పొద్దు నడినెత్తికి వచ్చినా రాలేదు. దూరంగా ఆ పచ్చదనంలో గుచ్చినట్టు ఆయన పడవ. ముందుకు రాదు, వెనక్కు పోదు. ఆయన కేక మొదట గట్టిగా వినబడింది. తరువాత సన్నగా వినబడింది. ఆ తరువాత వినబడలేదు.

పైడమ్మ పడవ తోసుకుంటూ వెళ్ళింది. కాస్త దూరం పోయేసరికి తెడ్డు ఇరుక్కుంది. లాగితే, కింద నుంచి ఎవరో పట్టుకుని తిరిగి లాగినట్టుంది.

అప్పుడు ఆకుల మధ్య ఒక ముసలి తాబేలు తల ఎత్తింది. దానికీ ఊపిరాడడం లేదు.

"మా అయ్యను విడిపించు తాతా" అని పైడమ్మ చేతులు జోడించింది.

"నా వల్ల కాదు తల్లీ. నీ ఒక్కదాని వల్లా కాదు, ఊరంతా దిగాలి. పిశాచమనుకుంటే ఎవరు దిగుతారు? కాదని తెలిసినదానివి నువ్వొక్కదానివే."

పైడమ్మ వెనక్కు వచ్చింది. చాటింపు వేయించడానికి వచ్చిన రాజుగారూ, ఊరివాళ్ళూ గట్టు మీద ఉన్నారు. ఆమెకు పిశాచం భయం లేదు. అందరి కళ్ళలోకి చూడాలంటేనే భయం. అయినా కడియం తీసి రాజుగారి ముందు పెట్టింది.

"పిశాచం లేదు మహారాజా. అది ఉత్త మొక్క. తడి పడవతో నేనే తెచ్చాను. మా అయ్య అందులో ఉన్నాడు."

రాళ్ళు పడతాయనుకుని పైడమ్మ తల వంచుకుంది. అప్పలకొండ భుజం మీది తుండు నడుముకు బిగించి, అందరికంటే ముందు నీళ్ళలో దిగాడు.

"తిట్టేది తరువాత తిడతాలే. ముందు ఆ కాడ పట్టు."

ఆయన వెనక ఊరు దిగింది. రాజుగారూ దిగారు. పెరికిన కాడల్లో ముక్క కూడా నీళ్ళలో జారనివ్వకుండా గట్టుకు మోసి, ఎండలో పోశారు. పొద్దు వాలేలోపు దారి పడింది. అయ్య పడవలో వెల్లకిలా పడి ఉన్నాడు. కూతురి చెయ్యి తగలగానే కళ్ళు తెరిచాడు.

మడుగు మళ్ళీ తేటపడడానికి ఏళ్ళు పట్టింది. రాజుగారు ఆట మాన్పించలేదు. పందేనికి వచ్చినవాళ్ళు ముందు మొక్కలు పెరకాలి, తరువాతే తెడ్డు పట్టాలి. పడవలు ఎండాయో లేదో తడిమి చూసే పని పైడమ్మది. మెల్లగా నీటికోళ్ళు తిరిగొచ్చాయి.

అవి పిల్లల్ని చేసిన ఏడు, పైడమ్మ మళ్ళీ పందెంలో దిగింది. పందెం అయ్యాక ముసలి తాబేలు పడవ పక్కకు వచ్చింది. నాయనమ్మ పాటలో పోయిన మాట పాడి వినిపించింది.

ఏమీ తేను, ఎండి వస్తాను.

పైడమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ తరువాత తాబేలు ఆమెకు మళ్ళీ కనబడలేదు. మునిగేముందు అది అన్న మాట ఇదీ:

"నీళ్ళలో ఆడుకో తల్లీ, ఎవరొద్దన్నారు. ఆ నీళ్ళే మాకు ఇల్లని మాత్రం దిగేముందు ఒక్కసారి తలుచుకో."