ఉతకని చీర

అనగనగా ఒక ఏటి ఒడ్డు. ఆ ఒడ్డున ఊరందరి బట్టలూ ఉతికే నూకాలు, ఆవిడ మొగుడు అప్పన్న ఉండేవాళ్ళు. పసుపు మరకైనా తాంబూలం మరకైనా నూకాలు చేతిలో పడిందంటే వదలాల్సిందే. పిల్లలు లేరన్న దిగులు మాత్రం ఎన్నేళ్ళయినా ఆవిడని వదల్లేదు.

అప్పుడు ఒకరోజు ఊరిపెద్ద ఒక పిల్లని తీసుకొచ్చి వాళ్ళకి అప్పగించాడు. పేరు పైడి. ఆరేళ్ళది. తల్లి జ్వరమొచ్చి పోయింది. ఆ తర్వాత మూడిళ్ళు మారింది. మొదటి ఇంటివాళ్ళు తిండి ఎక్కువన్నారు. రెండో ఇంటివాళ్ళు మాట వినదన్నారు. మూడో ఇంటివాళ్ళు ఏమీ అనలేదు, జాతరకని తీసుకెళ్ళి అక్కడే వదిలేసి పోయారు. అలాంటి మనుషులూ ఉంటారు నాన్నా, ఏం చేస్తాం.

"ఇక నువ్వు మా పిల్లవే" అంది నూకాలు. పైడి ఆ మాట అప్పటికే మూడుసార్లు వింది. ఇంకెక్కడ నమ్ముతుంది? చేతిలో ఉన్న గుడ్డముక్కని ముక్కుకి ఆనించుకుని, బట్టల మూటల వెనక దూరి కూర్చుంది.

మర్నాడు నూకాలు తల దువ్వబోతే చెయ్యి కొరికింది. నూకాలు పసుపు అద్దుకుని ఊరుకుంది. ఆ తర్వాత, ఆరేసిన పెళ్ళివారి పంచెల మీద పైడి బురద చల్లింది. చల్లి పారిపోలేదు సుమా. ఎప్పుడు కొడతారా, ఎప్పుడు వెళ్ళగొడతారా అని అక్కడే నిలబడి చూసింది. నూకాలుకి కోపం రాలేదా అంటే, వచ్చింది, బాగానే వచ్చింది. పళ్ళు పటపటా కొరుక్కుంటూ పంచెలన్నీ మళ్ళీ ఉతికింది. కానీ పొమ్మనలేదు.

"పాముకి పాలు పోస్తున్నావే నూకాలూ" అన్నారు రేవులో ఆడవాళ్ళు. కుండకైతే మూకుడుంది, లోకం నోటికి ఏముంది?

మూడో తప్పు మాత్రం పైడి చెయ్యలేదు. నూకాలే చేసింది.

ఒక మధ్యాహ్నం పైడి మూటల మధ్య నిద్రపోతుంటే గుడ్డముక్క చేతిలోంచి జారింది. నల్లగా, జిడ్డోడుతూ ఉంది. "అయ్యో, ఊరందరివీ ఉతుకుతాను, నా పిల్ల చేతిలో ఇంత మాసిన గుడ్డా!" అనుకుంది నూకాలు. పాపం, ఆవిడకి ప్రేమంటే ఉతకడమే. సోడా వేసి ఉడకబెట్టింది, బండ మీద బాదింది, ఎండలో ఆరేసింది. మల్లెపువ్వులా చేసి, పిల్ల లేవగానే చేతిలో పెట్టింది.

పైడి దాన్ని ముక్కుకి ఆనించుకుంది. తిప్పి మళ్ళీ వాసన చూసింది. మూడోసారీ చూసింది. అప్పుడు ఏడ్చింది చూడూ, ఏటి అవతల మేస్తున్న గొర్రెలు తలలెత్తి చూశాయట.

అది వాళ్ళమ్మ చీరముక్క. అమ్మది అంటూ ఆ పిల్లకి మిగిలింది ఆ వాసనొక్కటే.

వెక్కిళ్ళ మధ్య "అమ్మ వాసన... అమ్మ వాసన" అని పైడి అంటుంటే నూకాలుకి సంగతి తెలిసింది. కొత్త గౌను కొనిస్తానని ఊరించలేదు, ఏడవద్దని కసరలేదు. మూటల వెనక్కి వెళ్ళి కాస్త ఎడంగా కూర్చుంది. "తప్పు నాదే తల్లీ. మరక పోగొట్టడం వచ్చు నాకు. పోయిన వాసన తేవడం రాదు" అని తనూ ఏడ్చింది.

పైడి మూడు రోజులు మూటల వెనక నుంచి బయటికి రాలేదు. "ఈ పిల్ల మన దగ్గర నిలిచేలా లేదే. ఊరిపెద్దకే అప్పజెప్పేద్దాం" అన్నాడు అప్పన్న.

"అంటే మనం నాలుగో ఇల్లు అవుదామా?" అంది నూకాలు. అప్పన్న తల వంచుకుని గాడిదలకి గడ్డి వెయ్యడానికి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి నూకాలు రోజూ, "రేవుకెళ్తున్నా తల్లీ, నీడ గడప మీదికొచ్చేలోపు వచ్చేస్తా" అని చెప్పి వెళ్ళేది. చెప్పినట్టే వచ్చేది. వచ్చి మూటల పక్కన కూర్చుని, "మీ అమ్మ దగ్గర ఏం వాసనొచ్చేది?" అని అడిగేది. మొదటిరోజు జవాబు లేదు. రెండోరోజూ లేదు. మూడోరోజు మూటల వెనక నుంచి సన్నగా, "పొయ్యి పొగ... చింతపండు" అని వినబడింది.

"నాక్కూడా రోజూ చెబుతూ ఉండు. ఇద్దరం గుర్తు పెట్టుకుందాం" అంది నూకాలు.

వానలు పోయాయి, చలి వచ్చింది. అప్పుడు నూకాలు చెల్లెలికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. పైడిని అప్పన్న దగ్గర ఉంచి మూడు రోజులు వెళ్ళిరావాలి. వెళ్ళే ముందు ఉతుకుదామని చూస్తే, నిన్న తను విడిచిన చీర లేదు. ఇల్లంతా వెతికింది. చివరికి చూస్తే పైడి ఆ చీరని గుండెకి హత్తుకుని మూటల వెనక కూర్చుని ఉంది.

"అది మాసిందమ్మా, ఇలా ఇయ్యి."

పైడి చీరని వెనక్కి లాక్కుంది. "ఉతకొద్దు" అంది. కొంగుని ముక్కుకి ఆనించుకుంది. "నువ్వొచ్చేదాకా ఉతకొద్దు."

ఊరందరి మాసిన బట్టలూ పట్టుకున్న ఆ చేతులు, నాన్నా, ఆ చీరని ముట్టుకోలేదు.

మరి "అమ్మా" అందా అంటావా? అనలేదు. ఆ మాట రావడానికి ఇంకో ఏడాది పట్టింది. నూకాలు మాత్రం మూడోరోజు నీడ గడప మీదికి రాకముందే వచ్చేసింది. మూటల వెనక కాదు, గడప మీద కూర్చుని ఎదురుచూస్తోంది పైడి. ఒళ్ళో చీర మాసినది మాసినట్టే ఉంది.

మూట రేవుకి, మురికి ఏటికి,
చీర పైడికి, నిద్ర కంటికి,
కథేమో కంచికి, మనమేమో మనింటికి.