తొట్టికి మూత

కొండసీమను ఏలే ఒక రాజుగారికి రంగుచేపలంటే ప్రాణం. కొలువుకూటంలో పెద్ద రాతితొట్టి కట్టించి, వెచ్చటి తీరాల నుంచి చేపలు తెప్పించాడు. చలికాలం రాగానే అవి ముడుచుకుపోయాయి. తొట్టి కింద పొయ్యి పెట్టించి రేయింబవళ్లు మండించమన్నాడు. ఊరి కట్టెలన్నీ కోటకే పోయాయి. ఇళ్లలో గంజి కాచుకునే దారి లేదు. అయినా చేపలకు వణుకు తగ్గలేదు. పైగా ఆవిరికి గోడలు చెమర్చి, వాటి మీది బొమ్మల రంగులు కారిపోతున్నాయి.

"ఇంకా కట్టెలు తెండి" అన్నాడు రాజు.

మర్నాడు కట్టెలు మోసే నూకాలు తన మోపును కోట మేడ మీదికి చేర్చి, ఆరుబయట మంటపెట్టింది. రాజు కోపంగా పైకి వచ్చాడు.

"ఆకాశానికి చలిమంట వేస్తున్నావా?"

"కింద కాల్చినా వేడి ఆవిరై ఇక్కడికే వస్తోంది మారాజా. దానికి అంత నడక ఎందుకని నేనే తెచ్చాను."

పక్కనే కొలువుకూటం పొగగూటిలోంచి లేస్తున్న ఆవిరిని రాజు చూశాడు. "ఏం చెయ్యమంటావు?"

"అన్నం కుండకు చేసేదే. మూత పెట్టించండి."

"మరి నేను చేపల్ని చూసేదెలా?"

"మీరు నిద్రపోయేటప్పుడు ఎవరు చూస్తున్నారు మారాజా?"

రాజుకు నవ్వాగలేదు. తాను చూడని వేళల్లో తొట్టిని మూసేందుకు, గాలికి కాస్త సందు వదిలి వెదురుమూత అల్లించాడు. గోడలు ఆరాయి, చేపలు ఈదసాగాయి, పొయ్యికి చిన్న మోపు చాలింది.

"ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"మిగిలిన కట్టెలు ఊరికి పంపండి" అంది నూకాలు.

ఆ సాయంత్రం ఊరంతా వేడి గంజి తాగింది.