గుమ్మడికొండ దేశమైన విధం

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడదామంటే, అప్పటికింకా అది రాజ్యమని ఎవరూ ఒప్పుకోలేదు. కథంతా ఆ చిక్కు గురించే. దాని పేరు గుమ్మడికొండ. నాలుగు కొండలు, పదహారు పల్లెలు, కింద పిల్లివాగు. వాగు దాటితే ప్రచండసేన చక్రవర్తిగారి మహాసామ్రాజ్యం.

తాతల నాటి నుంచీ గుమ్మడికొండ ఆ సామ్రాజ్యంలోదే. ఇదిలా ఉండగా ఒక ఏడు పెద్ద వరద వచ్చి వాగు మీది వంతెన కొట్టుకుపోయింది. కొండమీద చిక్కుకుపోయిన చక్రవర్తిగారి అధికారి అక్కడి జనం తగువులు విని విని, నీళ్ళు తగ్గగానే గాడిదనెక్కి అవతలి ఒడ్డుకు పారిపోయాడు. అతని బదులు ఇంకొకరు రాలేదు. జనం ఏడాది చూశారు, రెండేళ్ళు చూశారు. మూడో ఏడు జగ్గభూపతి అనే కుర్రదొర, "ఇక మనల్ని మనమే ఏలుకుందాం" అని పనసచెక్కతో ఓ సింహాసనం చేయించుకుని కూర్చున్నాడు. కత్తి దూసినవాడు లేడు, చచ్చినవాడు లేడు, స్వాతంత్ర్యం వచ్చేసింది.

వచ్చిందని ఇంకొకరు ఒప్పుకోవాలి కదా మరి. జగ్గభూపతి చుట్టుపక్కల ఏడుగురు రాజులకూ లేఖలు పంపాడు. ఒక రాజు చాలా సంతోషమన్నాడు, కానీ ముందు చక్రవర్తిగారు ఒప్పుకోవాలన్నాడు. ఇంకొకాయన మీ దేశం మా పటంలో కనపడలేదన్నాడు. మూడో ఆయన రెండోవాడిగా ఒప్పుకోడానికి సిద్ధమే, మొదటివాణ్ణి మీరే వెతుక్కోండన్నాడు. తక్కిన నలుగురూ ఆ లేఖలు తమకు అందనే లేదని జవాబు రాశారు.

పోతే పోనీ, వాళ్ళ ఒప్పుకోలు ఎవడిక్కావాలి అనుకోడానికి లేదు. ఉప్పు కావాలి. గుమ్మడికొండలో జొన్నలు పండుతాయి, పనసలు కాస్తాయి, ఉప్పు మాత్రం సముద్రం నుంచి చక్రవర్తిగారి నేలమీదుగా రావాలి. ఉప్పుబండి సరిహద్దు ఠాణా దాటాలంటే రాజముద్ర ఉన్న చీటీ చూపించాలి, పాత అధికారి ఇచ్చినవి అప్పటికే అయిపోయాయి. జగ్గభూపతి ముద్ర చూపిస్తే, "ఈ పేరుగల దేశమే లేదు, లేని దేశానికి బండెలా పోతుంది?" అన్నారు ఠాణావాళ్ళు. పోనీ చక్రవర్తిగారి ప్రజలమే అనుకోండి బాబూ అంటే, "మీ అధికారి చీటీ ఏదీ?" అన్నారు. ఆ అధికారి గాడిదనెక్కి పోయాడాయె. రెంటికీ చెడ్డ రేవడి బతుకైపోయింది.

ఆరునెలలు గడిచాయి. పశువులు గోడలు నాకుతున్నాయి. ఆ ఏడు ఎవరింటా ఊరగాయ పెట్టలేదు. జగ్గభూపతి కొలువులో చతురుడని పేరుపడ్డ కొండుభొట్లు ఇంట్లోనూ అదే చప్పిడి పప్పు.

"ఏవండీ," అంది ఒకపూట అతని భార్య అచ్చమ్మ, చారు వడ్డిస్తూ. "స్వాతంత్ర్యం వచ్చిందన్నారు. ఇలా ఉంటుందా దాని రుచి?"

కొండుభొట్లు విస్తట్లోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు. నలుగుర్ని నవ్వించేవాడు సొంత భార్యకు జవాబు చెప్పలేకపోవడం కంటే సిగ్గుచేటు ఇంకొకటి లేదు.

మర్నాడు జగ్గభూపతి అతన్ని పిలిపించాడు. "కొండుభొట్లూ, నావల్ల కాదయ్యా. నిన్న ఓ ముసలమ్మ నా ఎదుటే చెమట నాకి, ఇదే గతి నాయనా అంది. వచ్చే పున్నమిలోగా నువ్వు వెళ్ళి చక్రవర్తిని ఒప్పించావా సరే. లేకపోతే నేనే వెళ్ళి కిరీటం ఆయన కాళ్ళ దగ్గర పెట్టేస్తాను."

"నాకొక్క సాయం చెయ్యండి మహారాజా," అన్నాడు కొండుభొట్లు కాసేపు ఆలోచించి. "మన పదహారు పల్లెల్లో తీరని తగువులన్నీ తాటాకుల మీద రాయించి ఇప్పించండి."

"తగువులా? అవెందుకు?"

"మన దగ్గర పుష్కలంగా పండేది అదొక్కటేగా."

నిజమే. గుమ్మడికొండవాళ్ళకు ఒక అలవాటుంది. వాళ్ళు ఏ తగువునూ మధ్యనుంచి చెప్పరు, తాత దగ్గర్నుంచి మొదలుపెడతారు. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే మళ్ళీ మొదటికొస్తారు. అలాంటివి మూడేళ్ళవి పోగుపడి మూడొందలు తేలాయి. కొండుభొట్లు వాటిని మూటగట్టి, చేతికర్రకు బదులు పనసకాయలు కోసే దోటి పట్టుకుని వాగు దాటాడు.

ప్రచండసేన చక్రవర్తిగారికి అరవైనాలుగు బిరుదులు. అవన్నీ చదివి ముగించేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. కొండుభొట్లు ఓపిగ్గా నిలబడ్డాడు.

"ఎవరివయ్యా నువ్వు?" అన్నారు చక్రవర్తిగారు చివరికి.

"గుమ్మడికొండ రాయబారిని, ప్రభూ."

సభంతా నవ్వింది. చక్రవర్తిగారు మీసం సవరించుకున్నారు. "రాయబారి దేశానికుంటాడు గానీ పల్లెలకుండడు. గుమ్మడికొండ మాది. అక్కడి చీమ కూడా మా ప్రజే."

"చీమ కూడానా ప్రభూ?"

"చీమ కూడా."

కొండుభొట్లు లెంపలేసుకున్నాడు. "అయితే పొరపాటు నాదే. రాయబారం ఇక్కడితో సరి. మరి ప్రజలమన్నాక, తమరి ధర్మగంట మాకూ ఉన్నట్టేగా?"

"నిరభ్యంతరంగా. కానీ ఒక్కటి విను. ఇరవయ్యేళ్ళుగా ఆ గంట మోగలేదు. మా ప్రజలు అంత సుఖంగా ఉన్నారు."

ఆ గంట సంగతి కొండుభొట్లుకు కొత్త కాదు. చిన్నతనంలో ఆ నగరంలోనే చదువుకున్నాడు. చక్రవర్తిగారి తాత కోటగుమ్మానికి దాన్ని కట్టించి, కింద రాతిమీద మూడు కట్టుబాట్లు చెక్కించాడు. గంట మోగితే రాజు ముద్ద ముట్టకూడదు. చెప్పుకునేవాడు చాలనేదాకా వినాలి. తన ప్రజ కానివాణ్ణి తప్ప ఎవరినీ పొమ్మనకూడదు, పొమ్మంటే ఆ సంగతి రాసి ముద్ర వేసి ఇవ్వాలి. ఇక ఇరవయ్యేళ్ళుగా అది మోగకపోవడానికి కారణం జనం సుఖం కాదు. గంటతాడును ఎవరో పుణ్యాత్ముడు రెండు నిలువుల ఎత్తున ముడేసి పెట్టాడు. దోటి తెచ్చుకున్నవాడు అంతకుముందెవరూ రాలేదు.

ఆ మధ్యాహ్నం చక్రవర్తిగారు పీటమీద కూర్చుని, అన్నంలో నెయ్యి కలిపి మొదటి ముద్ద ఎత్తబోతుండగా గంట మోగింది. వంటవాళ్ళు కొయ్యబారిపోయారు. ఇరవయ్యేళ్ళుగా వినని చప్పుడాయె, అదేమిటో కొందరికి తెలియను కూడా తెలియలేదు.

చక్రవర్తిగారు చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. కొండుభొట్లు మూట విప్పి, ఒక దున్నపోతు తగువు ఎత్తుకున్నాడు. ఆ దున్నపోతు తల్లి, ఆ తల్లిని కొన్న సంత, ఆ సంతకు వెళ్ళిన తాత, ఆ తాతకున్న పంటినొప్పి అన్నీ చెప్పాడు. పొద్దు వాలింది. కోటలో ఇంకో ఆచారం ఉంది, రాజు తినకుండా ఎవరూ తినకూడదు. మహారాణి దగ్గర్నుంచి ఏనుగు మావటి దాకా కడుపు పట్టుకుని కూర్చున్నారు.

రెండోరోజూ అదే ముద్ద దగ్గర అదే గంట. మూడోరోజు ఉదయం ఫలహారానికీ వదల్లేదు.

అయితే ఆ మూడోరోజున కథ అడ్డం తిరిగింది. కొండుభొట్లు అన్నదమ్ములిద్దరి పనసచెట్టు తగువు చెబుతున్నాడు. మొదలు అన్న దొడ్లో ఉంది, కొమ్మలు తమ్ముడి దొడ్లోకి వాలాయి, కాయలు ఎవరివి అని. చక్రవర్తిగారు ఉన్నట్టుండి ముందుకు వంగి, "అన్న కాయల్ని రెండు పోగులు పెట్టాలి. ఏ పోగు కావాలో తమ్ముడు ఏరుకోవాలి" అన్నారు. సభ ఆహా అంది. చక్రవర్తిగారి మొహం వెలిగిపోయింది. ఆకలి మరిచి, "ఇంకోటి చెప్పు" అన్నారు.

కొండుభొట్లు ఇంకో తాటాకు కోసం మూటలో తడుముకున్నాడు. అయ్యో, ఈయన నిజంగానే పాలించేసేట్టున్నాడే అనుకున్నాడు. ఇన్నాళ్ళూ పాలించనివాణ్ణి పట్టుకొచ్చి పాలన నేర్పితే, కొంప తనే ముంచినట్టు. పున్నమి రెండురోజుల్లోకి వచ్చింది. ఆ పూట అతనికి కూడా అచ్చమ్మ కట్టిచ్చిన చప్పిడి జొన్నరొట్టె సయించలేదు.

నాలుగోరోజు మూటంతా వెతికి అడుగునున్న తాటాకు తీశాడు. అది పిచ్చమ్మ కోడి తగువు. గుమ్మడికొండలో కూడా దాన్ని చివరిదాకా విన్నవాడు లేడు, గాడిదనెక్కిన అధికారి సగంలోనే లేచి పారిపోయాడు. ఆవేళ చక్రవర్తిగారికి ఇష్టమైన గుత్తివంకాయ చేశారు. గంట మోగింది.

"ప్రభూ, పిచ్చమ్మ కోడి పొరుగింటి అటకమీద గుడ్డు పెట్టింది."

"గుడ్డు పిచ్చమ్మదే. తీర్పయిపోయింది," అంటూ చక్రవర్తిగారు లేవబోయారు.

"చెప్పుకోవడం కాలేదు ప్రభూ. ఆ గుడ్డు సంగతి తెలియాలంటే రెండిళ్ళ మధ్య గోడ సంగతి తెలియాలి. గోడ సంగతి తెలియాలంటే అది కట్టిన కన్నయ్యతాత సంగతి తెలియాలి. కన్నయ్యతాతకు ఇద్దరు మేనత్తలు..."

"మేనత్తలెందుకయ్యా?"

"అడ్డొచ్చారు ప్రభూ. మాలో అడ్డొస్తే మొదటికి రావాలి. పిచ్చమ్మ కోడి పొరుగింటి అటకమీద..."

లోపల్నుంచి గుత్తివంకాయ వాసన వస్తోంది. రెండో మేనత్త పెళ్ళిదాకా ఓర్చుకున్నారు చక్రవర్తిగారు. మూడోసారి కథ మొదటికి రాగానే సింహాసనం మీద్నుంచి లేచి నిలబడ్డారు.

"చాలు. నువ్వు మా ప్రజవు కావు. మీ కొండమీద ఎవరూ మా ప్రజలు కారు. మా తాతగారు ఈ గంట కట్టించింది మా దేశంవాళ్ళకు గానీ మీకు కాదు. బయటికి నడువు."

"చిత్తం. వెళతాను ప్రభూ," అన్నాడు కొండుభొట్లు వినయంగా. "గంటకింద ఉన్నట్టు ఆ ముక్క రాసి ముద్ర వేసి ఇప్పిస్తే, ఈ జన్మలో మళ్ళీ ఆ తాడు ముట్టను."

"రాసివ్వండి వీడికి," అన్నారు చక్రవర్తిగారు.

మంత్రి సోమయామాత్యుడు గంటం తీశాడు. రాజకీయాల్లో తల నెరిసిన మనిషి, ఈ రాత ఎక్కడికి దారితీస్తుందో ఆయనకు తెలియకపోలేదు. ఒక్క మాట అంటే చాలు, చక్రవర్తిగారు ఆగిపోయేవారు. కానీ ఆయన కూడా నాలుగురోజులుగా వేళకు తినలేదు. ఆ మాటేదో భోజనమయ్యాక చెప్పవచ్చులే అనుకున్నాడు.

"మరి ఇకమీదట వీళ్ళ తగువులు ఎవరు వినాలని రాయమంటారు ప్రభూ?" అని మాత్రం అడిగాడు.

"వాళ్ళ రాజే వినాలి. వాడి పాపాన వాడే పోతాడు."

"రాజు అంటే..."

"ఆ జగ్గభూపతి. తొందరగా కానీ."

తాటాకు మీద ముద్ర పడింది. కొండుభొట్లు దాన్ని కళ్ళకద్దుకుని సభకంతా వినపడేలా చదివాడు: "పిల్లివాగుకు అవతలనున్న గుమ్మడికొండవారు మా దేశస్థులు కారు. వారి మంచిచెడ్డలు వారి రాజైన జగ్గభూపతియే చూసుకొనవలెను."

చదివి, మూట కట్టేసి, దోటి పక్కనపెట్టి, చక్రవర్తిగారి కుడివైపున రాయబారులకు వేసే ఆసనం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"అక్కడెందుకు నిలబడ్డావు?" అన్నారు చక్రవర్తిగారు.

"మా దేశం మాకుందని తమరే రాసిచ్చారు. మా రాజు పేరు కూడా రాసిచ్చారు. నాలుగురోజుల కిందట వద్దన్న రాయబారం ఇప్పుడు చేసుకుందామని ప్రభూ."

 చక్రవర్తిగారు ఆ తాటాకు వంకా, కొండుభొట్లు వంకా, భోజనశాల గుమ్మం వంకా చూశారు.

"ముందు భోంచేసి వస్తాను. తర్వాత కోప్పడతాను," అన్నారు.

గుత్తివంకాయతో ముమ్మారు అన్నం కలుపుకున్నారు. పెరుగు పోసుకునే వేళకు కోపానికి లోపల చోటు మిగల్లేదు. ఉన్నట్టుండి పకపకా నవ్వారు. పొలమారితే మహారాణి తలమీద తట్టింది.

"ఆ కొండమీదివాణ్ణి పిలవండి. రాయబారులకు వడ్డించే వరసలో కూర్చోబెట్టండి," అన్నారు.

కొండుభొట్లుకు విస్తరి వేశారు. పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆరునెలల తర్వాత నాలిక్కి ఉప్పు తగిలింది. చప్పిడి చారు పోస్తూ అచ్చమ్మ అడిగిన మాట గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను తుడుచుకోలేదు.

"కారం ఎక్కువైందా?" అన్నారు చక్రవర్తిగారు.

"లేదు ప్రభూ. ఉప్పు సరిపోయింది."

అదేమిటని చక్రవర్తిగారు అడిగితే, ఠాణా దగ్గర ఆగిపోయిన బళ్ళ గురించి కొండుభొట్లు చెప్పాడు. ఉప్పుబళ్ళ సంగతి ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, ఎవరైనా చెప్పేందుకు ఆ గంటతాడు అందదు కదా. పన్నెండు బళ్ళ ఉప్పు, రాయబారికి పట్టుశాలువ, ఠాణాలకు ఆజ్ఞ అప్పటికప్పుడు ఇప్పించారు. "ఇంకా ఏదైనా కోరుకో," అన్నారు.

"ఆ తాడు కాస్త కిందికి దింపించండి ప్రభూ."

"అంతకంటే మంచిపని చేస్తాను," అన్నారు చక్రవర్తిగారు నవ్వుతూనే. "ఇక్కడికి కొత్తది పోయించుకుంటాను, తాడు నేలకు తగిలేలా కట్టిస్తాను. పాతది నువ్వే పట్టుకుపో. కొత్త దేశానికి మా కానుక. మీ రాజు కూడా రుచి చూడాలి కదా."

పున్నమినాటి మధ్యాహ్నం పన్నెండు ఉప్పుబళ్ళు, పదమూడో బండిమీద గంటా పిల్లివాగు దాటాయి. జగ్గభూపతి అప్పటికే కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. తాటాకు చూసి మళ్ళీ తలకెక్కించుకున్నాడు. వారం తిరక్కుండా ఏడుగురు రాజుల రాయబారులూ శాలువలు పట్టుకుని దిగారు. అందరికంటే ముందు ఒప్పుకున్నది మేమంటే మేమని వాళ్ళలో వాళ్ళు తగువులాడుకున్నారు. లేఖలు అందలేదన్న నలుగురూ ఆ లేఖల్ని భద్రంగా పట్టువస్త్రంలో చుట్టి మరీ తెచ్చారు.

గంటను కోటగుమ్మానికి కట్టించి జగ్గభూపతి గొప్ప ఉపన్యాసం ఇచ్చాడు. మనది ఇప్పుడు నలుగురూ ఒప్పుకున్న దేశం, మన ధర్మం మనదే అన్నాడు. జనం మురిసిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం జగ్గభూపతి పీటమీద కూర్చుని, ఉప్పు సరిగ్గా పడ్డ పప్పన్నం మొదటి ముద్ద ఎత్తాడు. గంట మోగింది. తాడు పట్టుకుని నిలబడింది పిచ్చమ్మ. చంకలో కోడి కూడా ఉంది.

"నాయనా, ఈ గుడ్డు సంగతి తెలియాలంటే ముందు మా కన్నయ్యతాత సంగతి తెలియాలి," అని మొదలుపెట్టింది.

జగ్గభూపతి దీనంగా కొండుభొట్లు వంక చూశాడు.

"వినాలి మహారాజా," అన్నాడు కొండుభొట్లు. "ఇక వాగు దాటి పారిపోవడానికి అవతల ఉన్నది మన దేశం కాదు."