తాగని మొదటి గుక్క

అనగనగా ఒక అడవిలో నీళ్ళు కొండ మీద ఉండేవి, దాహం కొండ కింద ఉండేది. వేసవి వస్తే చాలు, కింది గుంటలన్నీ ఎండిపోయేవి. ముసలి జంతువులూ పసికూనలూ ఊట దాకా ఎక్కలేక దారిలోనే కూలబడేవి. చూసి చూసి ఏనుగులు ఒక నీళ్ళ సంఘం పెట్టాయి. వెదురు బొంగుల్లో గణుపులు పొడిచి, వాటిని ఒకదానికొకటి అతికి, ఊటనీళ్ళను గొట్టాల్లో కిందికి దించాయి. ఆ సంఘానికి పెద్ద కొండమ్మ అనే ఆడ ఏనుగు.

బొంగులు ఎలుగుబంట్లు తెచ్చేవి. అతుకులకు కావలసిన జిగురు ములకయ్య అనే ముళ్ళపంది తెచ్చేవాడు. గుగ్గిలం చెట్టు బెరడు మీద పళ్ళతో చిన్న గాటు పెట్టి, కారిన జిగురును ఓపిగ్గా పోగుచేసి ముద్దలు చేసేవాడు. ఒక్కో ముద్దలో గుర్తుగా తన ముల్లు ఒకటి గుచ్చేవాడు. ఆ ముల్లు కనిపిస్తే ఇక ఎవరూ సరుకు వాసన కూడా చూసేవారు కాదు. ములకయ్యకు అదే పెద్ద గర్వం. దారిలో ముళ్ళు గలగలలాడించుకుంటూ నడిచేవాడు.

సంఘానికి సరుకు ఇచ్చేవాళ్ళు ఎవరైనా ముందు ఊట దగ్గర నిలబడి మాట ఇవ్వాలి. చెట్టును చంపను. పనివాళ్ళను బాధపెట్టను. సరుకులో ఏముందో దాచను. ఇంకొకరి చేత చేయించినా అది నా సరుకే, దాని మంచిచెడ్డలు నావే. ఇదీ ఆ మాట. దానితోపాటు ఒక ఆచారం కూడా ఉండేది. కొత్త గొట్టం తెరిచిన రోజు జిగురు ఇచ్చినవాడే మొదటి గుక్క తాగాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు తాగాలి.

ఒక ఏడు ఎండలు ముందే ముదిరాయి. కుందేళ్ళు ఉండే కింది వాడకు ఇంకా గొట్టం పడలేదు. కొండమ్మ ములకయ్యను పిలిపించి, చాలా జిగురు కావాలని చెప్పింది.

"కుదరకపోతే ఇప్పుడే చెప్పు నాయనా. ఈ ఏడు సగం వాడకే గొట్టం వేస్తాం. మిగతావాళ్ళకు మేమే తొండాలతో మోసి పోస్తాం" అంది.

ములకయ్యకు తల కొట్టేసినట్టయింది. తన చేత కాదని తానే ఎలా చెప్పుకుంటాడు? పైగా ఆ వాడలోనే చెవులమ్మ అనే కుందేలు ఉండేది. వాళ్ళ బొరియ, ములకయ్య బొరియ పక్కపక్కనే. ఆమె పిల్లలందరికీ అతను మామయ్య. అందరికంటే చిన్నది దూది, పొద్దస్తమానం అతని వెంటే తిరిగేది. ఆ పిల్లలు దాహంతో నాలుకలు బయటపెడుతుంటే అతను చూడలేకపోయేవాడు. అందుకే ఇంకేమీ ఆలోచించకుండా ఒప్పుకున్నాడు.

కానీ చెట్టును తొందరపెడితే జిగురు కారుతుందా? అది తన తీరికలో తాను కారుతుంది. ములకయ్య పళ్ళు అరిగేలా తిరిగినా కావలసినదాంట్లో పావు వంతు కూడా పోగవలేదు. వెళ్ళి కొండమ్మతో ఆ మాట చెప్పేస్తే సరిపోయేది. రోజూ పొద్దున్నే చెబుదామని బయలుదేరేవాడు, ఊట కనిపించగానే వెనక్కి తిరిగేవాడు.

అప్పుడు వచ్చాడు సుగంధయ్య. అతను పునుగుపిల్లి. ఎక్కడ నిలబడితే అక్కడ ఘుమఘుమలాడేది. తన దగ్గర బోలెడంత జిగురు తయారుగా ఉందనీ, దానికి ముల్లు గుచ్చి సంఘానికి ఇచ్చేసుకోమనీ అన్నాడు.

"ఎక్కడిది?" అని ములకయ్య అడిగాడు.

"నీకు కావలసింది జిగురా, దాని పుట్టుపూర్వోత్తరాలా?" అని సుగంధయ్య నవ్వాడు.

ములకయ్య కూడా నవ్వేసి ఊరుకున్నాడు. చూశారా, అడగాల్సిన మాట అడిగాడు, కానీ జవాబు రాకముందే నవ్వేశాడు.

మొదటి మోపు వచ్చింది. ములకయ్య ఒక ముద్ద తీసి మూతి దగ్గర పెట్టుకున్నాడు. గుగ్గిలం వాసన లేదు, పునుగు వాసన గుప్పుమంది. మంచి సరుకైతే దానికి అత్తరు పూయడం ఎందుకు? ఆ ప్రశ్న అతనికీ వచ్చింది. సుగంధయ్య చేతులు తగిలి ఉంటాయిలే అని తనకు తానే సర్దిచెప్పుకుని, ముల్లు గుచ్చాడు.

రెండో మోపు ఉడుతలు మోసుకొచ్చాయి. వాటి వేళ్ళు పొక్కిపోయి ఉన్నాయి. ఒక ఆడ ఉడుతకు కన్ను వాచి మూసుకుపోయింది. ఏమైందమ్మా అని అడిగాడు ములకయ్య. ఆ ఉడుత ముందు సుగంధయ్య వైపు చూసింది, తర్వాత ముల్లు గీసుకుందని చెప్పింది. ఆ చూపు ములకయ్యకు అర్థమైంది. మళ్ళీ అడిగితే ఆమె నిజం చెప్పేదేమో. అతను మళ్ళీ అడగలేదు. వాళ్ళు వెళ్ళేదాకా చెట్ల కేసి చూస్తూ నిలబడ్డాడు.

గొట్టం తెరిచే రోజు వచ్చింది. కింది వాడంతా పండగలా ఉంది. కొండమ్మ మూత తీసింది. వెదురు గొట్టంలోంచి నీళ్ళు జలజలా కారాయి. అందరూ ములకయ్యకు దారి ఇచ్చారు. అతను వంగి నీళ్ళకు మూతి ఆనించాడు. పెదవి చురుక్కుమంది.

వెనక నుంచి దూది, "తొందరగా తాగు మామయ్యా, నాకు దాహం" అంది. అందరి కళ్ళూ అతని మీదే ఉన్నాయి. ఒక్క మాట చెబితే చాలు, గొట్టం మూసేసేవాళ్ళు. కానీ ఆ మాట చెబితే తన ముల్లుకు ఇక విలువ ఉండదు. ములకయ్య నోరు గట్టిగా మూసుకుని, గొంతు మాత్రం గుటుక్కుమనిపించి, మూతి తుడుచుకుంటూ పక్కకు తప్పుకున్నాడు. కొద్దిగా చురుక్కుమంటే ఏమవుతుంది, నీళ్ళతో అదే కొట్టుకుపోతుంది అనుకున్నాడు.

కుందేళ్ళు తాగాయి. పిల్లలు మొహాలు కడుక్కున్నారు, ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. దూది ఒక అతుకు కింద కళ్ళు తెరుచుకుని నిలబడింది, మొహం మీద నీళ్ళు పడుతుంటే కేరింతలు కొట్టింది. మధ్యాహ్నం ఎండకు అతుకులు మెత్తబడ్డాయి. వాటి సందుల్లోంచి తెల్లటి పాలు కారి నీళ్ళలో కలిశాయి. అవి చెముడు మొక్క పాలు, సుగంధయ్య జిగురు చేసింది వాటితోనే. కంట్లో పడితే కన్ను పోతుందని ఏ తల్లయినా పిల్లలకు చెప్పే పాలు.

సాయంత్రానికి వాడంతా ఏడుపులే. నోళ్ళు పొక్కిపోయాయి, కడుపులు మండిపోయాయి. రాత్రి గడిచేసరికి ముసలి కుందేళ్ళు కొన్ని చనిపోయాయి. దూది కళ్ళు మూసుకుపోయాయి. తర్వాత వాపు తగ్గి కళ్ళు తెరుచుకున్నాయి గానీ, ఆ పిల్లకు వెలుతురు కనిపించలేదు.

కొండమ్మ అందరినీ పిలిపించింది. జిగురు సుగంధయ్య ఇచ్చాడని ములకయ్య మొరపెట్టుకున్నాడు. సుగంధయ్య అప్పటికే అడవి దాటిపోయాడు.

"ముద్దలో ముల్లు ఎవరిది?" అని అడిగింది కొండమ్మ.

ములకయ్య తల వంచుకున్నాడు. అందులో ఏముందో తనకు తెలియదనీ, తెలిస్తే ఇచ్చేవాణ్ణి కాననీ అన్నాడు.

"ఆ నీళ్ళు తాగిన ప్రతి ఒక్కరి నోరూ పొక్కింది. అందరికంటే ముందు తాగింది నువ్వు. నీ నోరు ఒకసారి చూపించు నాయనా."

ములకయ్య చివరికి నోరు తెరిచాడు. లోపల ఒక్క పొక్కు కూడా లేదు.

చెవులమ్మ మెల్లగా ముందుకు వచ్చింది.

"నీకు అనుమానం వచ్చింది అన్నయ్యా. అందుకే నువ్వు తాగలేదు. మా పిల్లలు తాగుతుంటే మాత్రం చూస్తూ నిలబడ్డావు" అంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు. ఉంటే బాగుండేదని ములకయ్యకు అనిపించింది.

ఏనుగులు గొట్టాలన్నీ పీకి కాల్చేశాయి. సుగంధయ్య చెముడు పాలు తీయిస్తే ఆ డొంకల్లోనే మగ్గుతున్న ఉడుతలను వెతికి తీసుకొచ్చాయి. కొందరి వేళ్ళు మళ్ళీ కొమ్మ పట్టుకోవడానికి పనికి రాకుండా పోయాయి. సంఘం ములకయ్య దగ్గర ఇక సరుకు తీసుకోనంది. వానలు పడేదాకా కింది వాడకు నీళ్ళు మోయాలని తీర్పు చెప్పింది. అతను ఆకుదొన్నెలతో కొండ ఎక్కుతూ దిగుతూ ఉండేవాడు. ఎంత మోసినా ఎవరో ఒకరికి చాలేవి కావు. దారిలో ఎదురైనవాళ్ళు పక్కకు తిరిగి వెళ్ళిపోయేవారు.

దూది ఒక్కతే అతనితో మాట్లాడేది. ఆ పిల్లకు ములకయ్య చేసింది ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి తల్లికి నోరు రాలేదు. ఒకరోజు అమ్మ నిద్రపోతుంటే బయటికి వచ్చి, ములకయ్య ముల్లు ఒకటి పట్టుకుని అతని వెంట కొండ ఎక్కింది. సగం దారిలో ఆగింది.

"మామయ్యా, నీళ్ళలో ఆ పాలు కలుస్తాయని ఎవరికైనా ముందే తెలుసా? అమ్మను అడిగితే ఏడుస్తుంది."

తెలియదని చెబితే ఆ పిల్ల నమ్మేది. అతన్ని నమ్మడానికి ఆ అడవిలో ఇక మిగిలింది ఆ పిల్లే.

"నాకు తెలుసు తల్లీ" అన్నాడు ములకయ్య.

దూది ముల్లు వదిలేసింది. "మా ఇల్లు ఎటు వైపు?" అని అడిగింది.

ములకయ్య చెప్పాడు. ఆ పిల్ల రాళ్ళకు తగులుకుంటూ, పడుతూ లేస్తూ ఒక్కతే దిగడం మొదలుపెట్టింది. చెయ్యి అందించడానికి ములకయ్యకు ధైర్యం చాలలేదు. ముళ్ళు చప్పుడు కాకుండా ఒంటికి అదిమిపెట్టుకుని, దూరంగా ఆమె వెనకాలే నడిచాడు.

నీతి: మన గుర్తు వేసి ఇచ్చిన సరుకు ఎవరు చేసినా దాని పాపం మనదే. అనుమానం వచ్చాక కూడా అడగకుండా ఊరుకుంటే, అది తెలిసి చేసిన తప్పే.